ఆ అక్షరమున్న మాట ఏది?



మన పేటను అందరూ టి. నగర్ అంటారు. ఆ ‘టి’ వెనుక దాగి ఉన్నది పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు. ఆయన తెలుగువాడు, జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు, 1925లో కీర్తిశేషులయ్యారు. మాంబళం చెరువు పూడ్చి వీథులు తీర్చిన ఆ రోజుల్లోనే పేటకు ఆయన పేరు పెట్టారు. నడుమనున్న పానగల్ పార్కుకు పేరిచ్చిన పానుగంటి రామరాయణింగారు కూడ తెలుగువారే. ఆ చరిత్ర మనలో చాలమందికి తెలిసినదే. నేను చెప్పదలచినది దానిలోని ఒక్క అక్షరం సంగతి. త్యాగరాయ అన్న పేరులోని మొదటి అక్షరం ‘త్యా’. అది ఇంగ్లీషులోకి వెళ్ళి ఒక ‘టీ’ అయింది. ఆ టీ మళ్ళీ మన లిపిలోకి తిరిగివచ్చేసరికి ‘టి’గా మారింది. ఒకే రోమను అక్షరం త, థ, ట, ఠ నాలుగింటికీ నిలబడవలసి వస్తే జరిగేది ఇదే. పలకమీద ‘త్యా’ వ్రాయించి, దీనికీ మన బస్సుమీది ‘టి’కీ చుట్టరికమేమిటని అడిగితే పిల్లలు తెల్లబోతారు. అడిగి చూడండి.

మన పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలతో ఆటలు బాగా వచ్చు. క్యూ అక్షరమున్న మాట చెప్పు, జెడ్‌తో ముగిసే మాట చెప్పు అంటే పోటీపడి చెబుతారు. ఆ ఆటల చరిత్ర పెద్ద పాతదేమీ కాదు. గళ్ళలో మాటలు పూరించే క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో పుట్టింది. దానిని కట్టినవాడు ఆర్థర్ విన్. ఆర్థికమాంద్యపు రోజులలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పి వార్తాపత్రిక పుటలు ముందు వేసుకొని, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఓపికగా లెక్కపెట్టి, ఆ లెక్కనుబట్టి బిళ్ళలకు విలువలు కట్టాడు. అదే 1948లో స్క్రాబుల్ అన్న పేరు పెట్టుకొని అంగడికెక్కింది. మొత్తం 100 బిళ్ళలు. వాటిలో ‘ఈ’ అక్షరానికి 12, ‘క్యూ’కు ఒకే ఒకటి. మాటలో మామూలుగా క్యూ వెంట యూ ఉండితీరాలి కనుక, యూ దొరకనివాడికి ఆ బిళ్ళ గుదిబండ. అందుకే ఆటగాళ్ళు క్యూ ఉండి యూ లేని మాటల పట్టీలు కంఠస్థం చేస్తారు. ఆ పట్టీలు తిరగవేస్తే చాలవరకు అరబ్బీ, చైనా భాషలనుంచి వచ్చిన మాటలే కనిపిస్తాయి. వాటిలో మన వీథులలో తిరిగే ‘ఫకీరు’ కూడ ఉన్నాడు. ఇంకొక ముచ్చట. ఇంగ్లీషు నిఘంటువులలో ఉన్న ‘బాండికూట్’ మన పందికొక్కే. పిల్లలకు ఈ సంగతి చెబితే ఆ రోజు తరగతి వేరుగా ఉంటుంది.

ఇక మన వైపుకు వద్దాము. ఫలానా అక్షరమున్న మాటను వెదకడమనే పని తెలుగువారికి ఆటగా మొదలవలేదు. పద్యం వ్రాయాలంటే అది తప్పనిసరి పని. నన్నయనాటినుంచి వృత్తాలకు, కందానికి, ద్విపదకు ప్రాస నియమం ఉన్నది. పాదంలో రెండవ అక్షరం ఏ హల్లయితే తక్కిన పాదాలలోను అదే హల్లు రావాలి. ఆ హల్లుకు అచ్చు ఏది చేరినా అడ్డులేదు. మొదటి పాదం ‘వేళ’తో ఎత్తుకున్న కవికి రెండవ అక్షరం ళకారమైన మాటలు మరి మూడు కావాలి. తాళి, కేళి, గోళము పనికివస్తాయి. ‘కళ’ పనికిరాదు, ఎందుకంటే వేళలో మొదటి అక్షరం గురువు, కళలో లఘువు. ‘గొళ్ళెము’ కూడ పనికిరాదు, అందులో ఉన్నది జంట ళకారం. చూశారా, ఇది క్యూ పక్కన యూ వెదకడంకంటె ఎంత చిక్కు పనియో! తెలుగు కవి అన్నవాడు ప్రతి పద్యానికీ ఈ వెదుకులాట చేయవలసినవాడే.

అకారాది నిఘంటువు ఇందుకు అక్కరకు రాదు. అది మొదటి అక్షరం తెలిసినవాడికే దారి చూపుతుంది. రెండవ అక్షరమో చివరి అక్షరమో మాత్రమే తెలిసినవాడికి పుటలన్నీ తిప్పడం తప్ప గత్యంతరం లేదు. పూర్వులు ఈ ఇబ్బందిని ఎరుగుదురు. మన తాతలు వల్లెవేసిన అమరకోశం చాలవరకు విషయాన్నిబట్టి కూర్చినదే అయినా, నానార్థవర్గానికి వచ్చేసరికి పద్ధతి మారుతుంది. అక్కడ శబ్దాలు చివరి హల్లునుబట్టి వరుసలో ఉంటాయి. ముందు కకారాంతాలు, పిదప ఖకారాంతాలు, ఇలా సాగుతుంది. మేదినీకోశానిది కూడ ఇదే తీరు. కంఠస్థం చేసినవాడు ఫలానా హల్లుతో ముగిసే మాట కావాలనుకుంటే ఆ వరుసను మనసులో నడిపించుకుంటే చాలు. ఆ రోజుల్లో జ్ఞాపకమే వెదుకుడు యంత్రం.

తెలుగులో దీనికి సాటి వచ్చేవి బండిఱ పట్టీలు. రేఫము రెండు విధాలు. ఒకటి మామూలు ర, రెండవది శకటరేఫమనే ఱ. ఈ రెంటికీ ప్రాస కూర్చరాదని ప్రాచీనుల నియమం. నన్నయ కాలంలో ఉచ్చారణ వేరు కనుక నియమం పాటించడం కష్టం కాలేదు. కాలక్రమాన రెండు ధ్వనులూ నోట ఒకటైపోయాయి. చెవికి తేడా తెలియనప్పుడు ఏ మాటలో ఏది ఉన్నదో గుర్తుపెట్టుకోవడం ఎలా? అందుకని లక్షణగ్రంథకర్తలు ఱకారమున్న మాటలను ఏరి పద్యాలలో గుదిగుచ్చి పెట్టారు. ఒక అక్షరమున్న మాటలన్నిటినీ ఒకచోట చేర్చిన ఆ పట్టీలను చూస్తే నేటి స్క్రాబుల్ ఆటగాళ్ళ క్యూ పట్టీలే జ్ఞాపకం వస్తాయి. ఒకటి మాత్రం తేడా. ఆటగాడు గెలుపుకోసం చేసినపని వీరు చెవిలో చచ్చిపోయిన ఒక అక్షరాన్ని కంటిలోనైనా బ్రతికించుకోవాలని చేశారు. ఆ అక్షరం మాటకు మళ్ళీ వస్తాను.

అక్షరమున్న మాటను వెదకడం ఒక విద్య అయితే, అక్షరం లేని మాటను వెదకడం అంతకు మించిన విద్య. పెదవులు కలపకుండ పలకదగిన మాటలతోనే రచన చేయడాన్ని నిరోష్ఠ్యమంటారు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుని కథ ఇలాంటిదే. ప్రియురాలి పంటిగాటుకు పెదవి నొచ్చిన ఆ కథానాయకుడు పెదవులు తగలకుండ తన కథంతా చెబుతాడు. తెలుగులో ఈ సాహసం చేసినవాడు 16వ శతాబ్దికి చెందిన మరింగంటి సింగరాచార్యులు. గోలకొండ నవాబుల కాలమది. ఆయన రామకథనంతా నిరోష్ఠ్యంగా వ్రాశాడు. కావ్యం పేరు దశరథరాజనందన చరిత్ర.

ఈ పేరును ఒక్కసారి పైకి చదవండి. పెదవులు తగిలాయా? రామాయణమని ఎందుకు పేరు పెట్టలేదో ఇప్పుడు తెలుస్తుంది. ‘మ’ పలకాలంటే పెదవులు కలవాలి. అంటే రామకథ చెప్పబూనినవాడు రామ శబ్దాన్ని పలకరాదు! ప, ఫ, బ, భ, మలు నిషిద్ధం, వకారమూ నిషిద్ధమే. అంతటితో అయిపోలేదు. అచ్చులలో ఉ, ఊ, ఒ, ఓ, ఔలకు కూడ పెదవుల పని ఉన్నది కనుక అవీ పనికిరావు. తెలుగువాడికి ఇక్కడ ఊపిరి ఆడదు. మన నామవాచకాలకు ప్రాణం డు, ము, వు, లు. నాలుగింటిలోను ఉకారమే. రాముడు, వనము, తరువు, రాజులు ఏదీ చెల్లదు. బహువచనమే లేకుండ కావ్యం నడపాలన్నమాట! సంస్కృతంలో దండికి ఈ చిక్కు ఇంతగా లేదు. తెలుగు భాష తీరును బట్టి చూస్తే మన కవి చేసినది చాల పెద్ద సాము అని నా అభిప్రాయం. ఇంత కష్టానికి కవిత్వపు రుచి కొంత తగ్గి ఉండవచ్చునని పెదవి విరిచేవారున్నారు, ఆ విమర్శలో కొంత నిజమూ ఉన్నది. కాని భాషలో ఏ మూల ఏ మాట ఉన్నదో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి కసరత్తు మరొకటి లేదు.

దీనిని తరగతిలో ఆటగా ఆడించవచ్చు. నేను ఆరవ తరగతి దాటినవారితో ఆడిస్తుంటాను. రామాయణంలోని పేర్లు చెప్పి, ఏవి నిరోష్ఠ్యాలో తేల్చమంటాను. సీత నిలుస్తుంది, జానకి నిలుస్తుంది. లక్ష్మణుడు మకారంతోనే పోయాడు. సౌమిత్రి అందామంటే ఔకారం, మకారం రెండూ ఉన్నాయి. రావణుడు వకారంతో పోతాడు, దశకంఠ అనవచ్చు. హనుమ వెళ్ళిపోతాడు, ఆంజనేయ ఉంటాడు. అయోధ్య అని ధైర్యంగా చెప్పిన పిల్లవాడిని ఓకారం పట్టుకుంటుంది, సాకేత అంటే గండం గడుస్తుంది. రాఘవ? వకారం. దాశరథి? సరిపోయింది. ఒక గంట గడిచేసరికి పిల్లలకు పర్యాయపదాలెందుకో ఎవరూ చెప్పకుండనే తెలిసిపోతుంది. ఓష్ఠ్యాలంటే ఏవో చెప్పమని పరీక్షలో అడిగినా ఇక మరచిపోరు.

ఫ్రెంచివారు జార్జ్ పెరెక్ అనే రచయితను చూపి అబ్బురపడతారు. ఆయన 1969లో ‘ఈ’ అనే అక్షరం ఒక్కసారైనా రాకుండ ఒక పూర్తి నవల ప్రకటించాడు. ఫ్రెంచిలో అన్నిటికంటె ఎక్కువగా వచ్చే అక్షరం అదే. ఆయన పేరులోనే ఆ అక్షరం నాలుగుసార్లున్నది. తన పేరును తాను వ్రాసుకోలేని నవల! మెచ్చుకోవలసిందే. అయితే రాముని పేరు పలకని రామాయణం దానికి నాలుగు వందల ఏండ్ల ముందే తెలుగులో ఉన్నదని మన పిల్లలకు చెప్పేవారెవరు?

వ్రాసి, కొట్టివేసి, మళ్ళీ వ్రాసుకొనే వీలున్న కవి సంగతి అది. అవధానికి ఆ వీలూ లేదు. తిరుపతి వేంకటకవులు ఊరూరా అవధానాలు చేసి ఈ విద్యను జనంలోకి తెచ్చారు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అవధాని నోట రాబోయే అక్షరాన్ని ముందుగా ఊహించి అది రాకూడదంటాడు. అవధాని ‘శ్రీ’ అన్నాడనుకోండి, ‘రా’ వస్తుందని ఊహించి రేఫను నిషేధిస్తాడు. అవధాని మరొక మాటకు మళ్ళాలి, అక్కడ మరొక అడ్డు. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలని షరతు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యపు అక్షరాలను వరుస తప్పించి ఒక్కొక్కటిగా అందిస్తారు. అన్నిటినీ మనసులో సర్దుకొని చివర వాక్యం చెప్పాలి. ఇంగ్లీషు పత్రికలలో తారుమారు అక్షరాల ఆట మన పిల్లలు ఆడుతూనే ఉంటారు కదా, దానికి కాగితం, పెన్సిలు ఉంటాయి. వ్యస్తాక్షరికి అవీ లేవు.

ఇక గళ్ళ ఆట. క్రాస్‌వర్డ్‌ను తెలుగుకు అలవాటు చేసినవారిలో ఇద్దరు మద్రాసులో చిరకాలం నివసించిన కవులు కావడం మనకు గర్వకారణం. శ్రీశ్రీ (1910–1983) దానిని పదబంధ ప్రహేళిక అన్నారు. ఆరుద్ర (1925–1998) గళ్ళనుడికట్టు అన్నారు. ఒకటి సంస్కృతపు జరీ అంచు, రెండవది అచ్చ తెలుగు నేత. రెండు పేర్లూ నిలిచాయి.

తెలుగులో గడి కట్టడం ఇంగ్లీషులో కట్టడంవంటిది కాదు. ఇంగ్లీషులో ఒక గడిలో 26 అక్షరాలలో ఒకటి ఉంటుంది. అడ్డం మాట, నిలువు మాట అక్కడ కలవడం సులభం. తెలుగులో గడికి ఒక పూర్తి అక్షరం, గుణింతంతో, ఒత్తుతో సహా. ‘స్త్రీ’ మొత్తం ఒకే గడి. 35 హల్లులకు 12 గుణింతాలు వేసుకున్నా 420 రూపాలు, ఒత్తులు కలిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. అడ్డంలో ‘కి’ ఉంటే నిలువులోను ‘కి’యే ఉండాలి, ‘కు’ ఉంటే కుదరదు. అందువల్ల తెలుగు గడులలో నల్లగళ్ళు ఎక్కువ. కూర్చేవాడికి ఉన్న ఒక్క ఊరట మాటల చివర వచ్చే డు, ము, లు. నిరోష్ఠ్య కవిని ఏడిపించిన ఉకారమే గడి కట్టేవాడి పాలిట చుట్టం.

స్క్రాబుల్‌ను తెలుగులో ఎలా ఆడించాలని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. హల్లుకొక బిళ్ళ, గుణింతపు గుర్తుకొక బిళ్ళ విడివిడిగా చేస్తే పిల్లలకు చిరాకు పుడుతుంది, లిపి అందమూ పోతుంది. పూర్తి అక్షరానికొక బిళ్ళ చేస్తే ఇల్లంతా బిళ్ళలే. నా పరిష్కారం ప్రాసనుంచి తీసుకున్నది. హల్లు బిళ్ళలు మాత్రమే చేయండి. గుణింతం ఆడేవాడి ఇష్టం. ‘త, ల’ రెండు బిళ్ళలున్నవాడు తల అనవచ్చు, తాళం కాదు గాని తేలు అనవచ్చు, తోలు అనవచ్చు, తాలు అనవచ్చు. అడ్డం మాటలో ‘లు’గా చదివిన బిళ్ళను నిలువు మాటలో ‘లా’గా చదువుకోవచ్చు. హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా కావచ్చునన్నది వెయ్యేండ్లుగా మన పద్యం ఒప్పుకున్న నియమమే కదా! అచ్చుతో మొదలయ్యే మాటలకు ఒక ఖాళీ బిళ్ళ ఉంచితే సరి.

ఏ హల్లులు ఎన్ని చేయాలి? ఇందుకు మద్రాసు పండితుడే దారి చూపాడు. ఇక్కడి పచ్చయ్యప్ప పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరిగారు 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని లెక్క తేల్చారు. తెలుగు లెక్కలో ఒత్తు హల్లులైన ఖ, ఘ, థ, ధ, భ వంటివి లేవు, శ, షలు లేవు. అవి ఉన్న మాట కనిపిస్తే చాలవరకు అరువు మాట అన్నమాట. అందుకని ఆ బిళ్ళలు ఒక్కొక్కటే చేయండి, విలువ ఎక్కువ పెట్టండి. ఇంగ్లీషులో క్యూ ఎలాగో మనకు ఝ, ఢ, ఛ అలాగ. మన నగరపు పిల్లలకు ఇందులో అదనపు లాభం ఉన్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. బడిలో రోజంతా తమిళం వ్రాసి వచ్చిన పిల్లవాడు ‘గది’ని ‘కది’ అని వ్రాస్తే అది మందమతి లక్షణం కాదు, అక్కడి లిపి అలవాటు. 2006 చట్టం తరువాత ఒకటవ తరగతినుంచి తమిళం తప్పనిసరి అయినందున ఈ అలవాటు మునుపటికంటె ముందే పడుతున్నది. గద్దించడంకంటె, ‘గ’ బిళ్ళకు రెండు విలువ, ‘ఘ’ బిళ్ళకు పది విలువ అని పందెం పెడితే ఆ తేడా వాడే వెదుక్కుంటాడు.

తమిళం మనకు అడ్డు మాత్రమే కాదు. ఇక బండిఱ సంగతికి వస్తాను. ఆంధ్రదేశంలోని పిల్లవాడికి ఱ అన్నది పాత పుస్తకాలలో కనిపించే ఒక వింత గుర్తు. శబ్దరత్నాకరము (1885) వంటి నిఘంటువు తీస్తే తప్ప ఏ మాటలో అది ఉన్నదో వాడికి తెలియదు. మన చెన్నై పిల్లవాడికి ఆ అక్షరం రోజూ బడిలో ఎదురవుతుంది. తమిళంలో రెండు రేఫలూ నేటికీ విడివిడిగానే వ్రాస్తారు. వేరు అంటే చెట్టు వేరు, వేఱు అంటే ప్రత్యేకం. తమిళంలో చెట్టు వేరుకు ‘వేర్’, ప్రత్యేకానికి ‘వేఱు’. ఊరు అంటే గ్రామం, తమిళంలో ‘ఊర్’. ఊఱు అంటే జలం ఊఱడం, తమిళంలోను ‘ఊఱు’. ఆఱు, నూఱు అనే అంకెలు రెండు భాషలలోను బండిఱతోనే ఉన్నాయి. మఱచుటకు అక్కడ ‘మఱ’. లక్షణకర్తలు పద్యాలు కట్టి గుర్తుపెట్టించిన పట్టీలో సగం ఈ పిల్లవాడి తమిళ వాచకంలోనే ఉన్నదన్నమాట! ఎల్లిస్ దొర 1816లో ఈ నగరంలోనే కూర్చుని తెలుగు, తమిళాలు ఒకే కుటుంబానివని చూపినప్పుడు ఆధారం చేసుకున్నది ఇటువంటి ధాతువుల పోలికలనే.

తమిళంలో మరొక ప్రత్యేకమైన ఴకారం ఉన్నది. తెలుగు పాత శాసనాలలో అదీ కనిపిస్తుంది, తరువాత చాల మాటలలో డకారమైంది. తమిళం ఏఴు మనకు ఏడు, కోఴి కోడి, నిఴల్ నీడ, మేఴి మేడి. ఈ అక్షరం 2014లో యూనికోడ్ తెలుగు పట్టికలోకి చేరింది కాబట్టి ఇప్పుడు కంప్యూటరులోను వ్రాయవచ్చు.

కంప్యూటరు అన్నాను కనుక ఒక మాట. అది వచ్చాక అక్షరంపట్టి మాటను వెదకడం క్షణాల పని. 2021లో వర్డిల్ ఆట వచ్చినప్పుడు ఐదక్షరాల మాటలకోసం పిల్లలు వెదుకుడు పట్టీలమీద పడ్డారు. ఆంధ్రభారతివారి నిఘంటు శోధనలో తెలుగు మాటలనూ ఇలా వెదకవచ్చు. అయితే కంప్యూటరు దృష్టిలో ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు సంకేతాలు. ‘ర’ ఉన్న మాటలు చూపమంటే స్త్రీని కూడ చూపుతుంది. రెండక్షరాల మాటలు చూపమంటే లెక్క తప్పుతుంది. ఆ సంకేతాలను గుదిగుచ్చి అక్షరంగా గుర్తించే నియమం వేరే వ్రాయవలసి ఉంటుంది. పై తరగతి పిల్లలలో ప్రోగ్రాములు వ్రాసేవారుంటే వారికి ఈ పని అప్పగించండి, అక్షరమంటే ఏమిటో అప్పుడు వారు మనలను అడుగుతారు.

ర, ఱ తేడాతో అర్థం మారే జంటలు నా దగ్గర పదునాలుగు పోగయ్యాయి. పైన చెప్పినవి కాక మీకు తోచినవి ఉంటే, తమిళ రూపంతో సహా వ్రాసి పంపండి. బిళ్ళలమీద అచ్చువేయడానికి అట్టలు కత్తిరించి ఉంచాను.